మా బావ అయస్కాంతాల చక్రం

నాకు అయస్కాంతాలంటే అసహ్యం. కాగితం మీద ఇనుపరజను పోసి కింద అయస్కాంతం జరిపితే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారని నాకూ తెలుసు, నేనూ బడిలో పనిచేసేదాన్నే. కానీ అవి మా అక్క ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నాకు వాటి మొహం చూడబుద్ధి కాదు. పాడైన స్పీకర్లలోంచి ఊడబెరికిన నల్లటి బిళ్లలు. వాటికి ఎండిపోయిన జిగురు, జిగురుకు ఎవరివో వెంట్రుకలు, ఒకదానికైతే సగం బొద్దింక. అవన్నీ తుక్కు దుకాణం నుంచి సంచిలో వచ్చి మా అక్క పోపుల డబ్బా పక్కన కాపురం పెట్టాయి. ఇనుప పెనం తీయబోతే రెండు బిళ్లలు దానికి వేలాడుతూ వచ్చేవి. అక్క వాటిని పీకి పక్కన పెట్టి, పెనం కడుక్కుని, దోసె పోసేది. ఆ దోసె నాకు గొంతు దిగేది కాదు.

అక్కదీ మాదీ పక్కపక్క ఇళ్లు, నడుమ ఒకటే గోడ. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి బయట ఇళ్లు కట్టుకున్న వాళ్ల గల్లీ మాది. నేను కమాన్‌పూర్ అవతల ఒక బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన సంగతి ఇక్కడ అవసరం లేదు, ఆయన సాధారణంగా ఏ విషయంలోనూ అవసరపడే మనిషి కాదు. అక్క మొగుడు, అంటే మా బావ, గని ల్యాంపు రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలు, నడుముకు కట్టుకునే వాటి బ్యాటరీలు ఉంటాయి కదా, వాటిని ఛార్జింగ్ పెట్టి, షిఫ్టు వేళకు కిటికీలోంచి అందించే పని. సర్వీసంతా అదే పని. యాసిడ్ కారి ఆయన ప్యాంట్లన్నింటికీ చిల్లులుండేవి. అయినా ఆయనకు ఎంత గర్వమంటే, తన చేతి మీదుగా పోయిన దీపం షిఫ్టు మధ్యలో ఎప్పుడూ ఆరిపోలేదని నా పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లకు కూడా చెప్పేవాడు.

రిటైరైన రోజు మెడనిండా దండలు వేసి, జీపులో నిలబెట్టి, ముందు డీజే పెట్టుకుని ఇంటిదాకా ఊరేగించారు. అక్క కూడా రోడ్డు మీద రెండు అడుగులు ఆడింది. మర్నాడు బావ ఎప్పటి వేళకే లేచి, స్నానం చేసి, బూట్లు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. అక్క టిఫిను బాక్సు కట్టబోయి ఆగిపోయింది. ఆయనకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. బూట్లు విప్పకుండానే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పడుకోవడం అలాగే సాగింది. అన్నం మంచం మీదికే. మాట్లాడితే ఊ, లేకపోతే అదీ లేదు. మా గల్లీలో గోడ వైపు తిరిగిన మగవాళ్లను మేం ఇదివరకే చూశాం. చివరింటి ఆయన అలాగే తిరిగాడు, మళ్లీ ఇటు తిరగలేదు, ఏడాది తిరక్కుండానే పోయాడు. ఎదురింటి ఆయన సీసా పట్టుకున్నాడు. అక్క రోజూ ఆ రెండు తలుపుల వైపు చూసి, లోపలికి వచ్చి మా బావ వీపు వైపు చూసేది. ఆమెకున్న భయం అదొక్కటే. చూసినప్పుడల్లా నాకు జాలి కాదు, ఒళ్లు మండేది. బతికినన్నాళ్లూ వెలుగు పంచిన మనిషి సున్నం గోడను చూస్తూ పడుకోవడమేమిటి?

ఆయన్ను ఇటు తిప్పింది కరెంటు బిల్లు.

క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లూ కంపెనీ ఊరికే ఇచ్చే కరెంటుకు మేం లెక్క చూసుకున్నది లేదు. హీటర్ మీద నీళ్లు పొద్దంతా మరుగుతూనే ఉండేవి. తాళం వేసి పెళ్లికి పోయినా లోపల ఫ్యాను తిరుగుతూనే ఉండేది, ఎవరి కోసం తిరుగుతుందో ఎవరూ అడగలేదు. ఆ అలవాటునంతా మూట కట్టుకుని సొంతింటికి తెచ్చుకున్నారు. బిల్లు చూసి బావ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మేం తవ్విన బొగ్గు తీస్కపోయి కరెంటు చేసుడు, మల్ల ఆ కరెంటుకు మేమే పైసలు కట్టుడా? ఇదేం న్యాయమే?"

"నువ్వెప్పుడు తవ్వినవ్ బావా? నువ్వు దీపాలిచ్చినవ్ గద" అన్నాను.

"నా దీపం లేకుంటె తవ్వెటోడు ఏం తవ్వుతడు? వాని మొకమా?"

ఇన్నాళ్లకు నోరు లేచిందని అక్క మొహం వెలిగిపోయింది. నేను ఇంకో రెండు మాటలు ఎగదోశాను కూడా. మేడ మీదికెక్కి రామగుండం వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలను చాలాసేపు చూసి దిగి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచే ఫోన్ పట్టుకున్నాడు.

ఆ వీడియోలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత. ఎవరో తెల్లవాడు, ఎక్కడో కారు షెడ్డులో, ఒక బల్ల మీద చక్రం తిప్పుతాడు. బల్బు వెలుగుతుంది. మాట ఉండదు, వెనక డబడబమని వాయింపు మాత్రం ఉంటుంది. బల్ల కింద ఏముందో చచ్చినా చూపించడు. వీడియో కింద వేలమంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఇంత చదువు, ఇన్ని బళ్లు, ఇన్ని పరీక్షలు పెట్టుకుని చివరికి మనం చేతులు జోడించేది వీడికా అనుకునేదాన్ని. బావ మాత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆపి ఆపి, వెనక్కి జరిపి చూసేవాడు.

సంగతేమిటంటే, ఒక బ్యాటరీ ముందుంటుంది, ఒకటి వెనక ఉంటుంది. మధ్యలో అంచు చుట్టూ అయస్కాంతాలు అంటించిన సైకిల్ చక్రం. చక్రానికి దగ్గరగా రాగి తీగ చుట్ట. ముందు బ్యాటరీ ఆ చుట్టకు ఉండి ఉండి ఒక పోటు ఇస్తుంది. ఆ పోటుకు అయస్కాంతం ముందుకు తోసుకుపోతుంది, చక్రం తిరుగుతుంది. పోటు ఆగినప్పుడల్లా చుట్టలో ఎదురుపోటు ఒకటి పుడుతుందట, అది వెనక బ్యాటరీలోకి పోయి దాన్ని నింపుతుందట. అది నిండాక ముందుదాన్ని వెనక్కీ, వెనకదాన్ని ముందుకూ మార్చుకుంటే చాలు, ఇక జన్మలో కరెంటు కొనక్కర్లేదట. తిరిగినందుకు, వేడెక్కినందుకు, ఇంత చప్పుడు చేసినందుకు ఖర్చయ్యేది ఎక్కణ్ణుంచి వస్తుంది బావా అని అడిగాను. తెలుగు టీచరువు తెలుగు చెప్పుకోమన్నాడు.

చక్రం తయారవుతుంటే ఇల్లు ఇల్లులా లేదు. కాలిపోయిన మోటార్ల రాగి తీగ వైండింగ్ షాపు నుంచి తెచ్చాడు, అది మాడిన వార్నిష్ వాసన కొట్టేది. హాల్లో కూర్చుని దాన్ని ప్లాస్టిక్ పైపు ముక్కకు చుడుతూ పైకి లెక్కపెట్టేవాడు, మధ్యలో ఎవరైనా తుమ్మినా లెక్క తప్పిందని తిట్టేవాడు. అయస్కాంతాలన్నీ ఒకే వైపు మొహం పెట్టాలట. ఏది ఏ వైపో మర్చిపోకుండా అక్క కుంకుమ భరిణె తీసుకుని ఒక్కోదానికీ బొట్టు పెట్టాడు. జిగురు సరిగా ఆరకముందే తిప్పి చూస్తే ఒక బిళ్ల ఊడి, వంటింట్లోకి ఎగిరి, ఏడాదికి సరిపడా పెట్టిన మామిడికాయ తొక్కు జాడీని పగలగొట్టింది. బావ పరుగెత్తుకొచ్చి, నూనెలో చెయ్యి పెట్టి కెలికి బిళ్లను ఏరుకున్నాడు. సబ్బుతో రుద్ది, లుంగీతో తుడిచి, పగల్లేదని మురిసిపోయాడు. తొక్కు గురించి ఒక్క మాట లేదు. అక్క జాడీ పెంకుల మధ్య కూర్చుని నవ్వింది. అలా నవ్వగలిగినందుకు ఆమె మీద కూడా నాకు అసహ్యమేసింది.

బ్యాటరీలు పాతవే, కార్లలోంచి తీసినవి. వాటిని మొదట ఒకసారి నింపుకోవడానికి మామూలు ఛార్జర్ కొన్నాడు, గోడ ప్లగ్గుకు పెట్టేది. దాని మీద ఒక మీట, ఒక వైపు నొక్కితే పెద్ద కరెంటు, ఇంకో వైపు చిన్న కరెంటు. ల్యాంపు రూమ్ జ్ఞానమంతా ఆ రోజు మాకు బోధించాడు.

"చిన్న దాని మీద పెడితె మెల్లగ ఎక్కుతది, బ్యాటరీ పాణం మంచిగుంటది. పెద్ద దాని మీద పెడితె జల్ది ఎక్కుతది గని లోపల నీళ్లు మరుగుతయ్. మూత తీసి చూస్తె బుడగలు బుడబుడ లేస్తయ్. బుడగలు లేసినయంటె గోడ కరెంటు గట్టిగ తాగిందన్నట్టు. మా రూమ్‌ల చిన్న పిలగాడు గూడ చెప్తడు ఆ సంగతి."

ఒకసారి నింపి, ఇక దీంతో పనిలేదని ఆ ఛార్జర్‌ను అటక మీదికి విసిరాడు.

చక్రం తిరిగిన రోజు నుంచి బావ మళ్లీ డ్యూటీ ఎక్కాడు. నేను హాస్యానికి అనడం లేదు. పొద్దున మొదటి షిఫ్టు సైరన్‌కు ముందే బూట్లు వేసుకుని, చక్రం తిప్పి వదిలి, టిఫిను బాక్సు పట్టుకుని చౌరస్తాలో చాయ్ హోటల్‌కు పోయేవాడు. అక్కడ ఆయనలాంటి వాళ్లే ఇంకో నలుగురు. మధ్యాహ్నం షిఫ్టు దిగే సైరన్ మోగాకే ఇంటి మొహం పట్టేవాడు. మధ్యలో ఒక్కసారి వచ్చి చూసుకుంటే ఏం పోయిందని అడిగితే చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

"ఛార్జింగ్ రాక్ మీద పెట్టిన ల్యాంపును షిఫ్టు నడుమ ముట్టొద్దే. పెట్టినోడు పెట్టాలె, సైరన్ కొట్టినంక తియ్యాలె. నడుమల కెలికితె దాని మీద మన్ను పోసినట్టే."

మొదటి రోజు సైరన్ తర్వాత వచ్చి, వోల్టేజీ కొలిచే మీటరు ముల్లు పెట్టి చూస్తే రెండు బ్యాటరీలూ దిగిపోయి ఉన్నాయి. బావ బూట్లతోనే మంచమెక్కి గోడ వైపు తిరిగాడు. రాత్రి అన్నం ముట్టలేదు. పీడ విరగడైందని నేను నా ఇంట్లో హాయిగా నిద్రపోయాను. కానీ మర్నాడు అక్క ఏం చెప్పి లేపిందో, మళ్లీ బూట్లు వేసుకుని పోయాడు. ఆ రోజు సైరన్ తర్వాత గోడ అవతల నుంచి ఒక కేక వినిపించింది. వెనక బ్యాటరీ పైకెక్కింది! నింపినదానికంటే పైకెక్కింది! గల్లీ గల్లీ అంతా పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది.

ఇక చూడండి ఆ వైభోగం. ఒకాయన పొలంలో బోరు మోటారు దీనికి పెట్టొచ్చా అన్నాడు. ఒకాయన కంపెనీ వాళ్లకు తెలిస్తే ఎత్తుకుపోతారు జాగ్రత్తన్నాడు. చాలామంది ఫోన్లు పట్టుకుని వచ్చి బావ చక్రం మీద ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లు. ఇళ్లల్లో ప్లగ్గులు లేకనా? ఉన్నాయి. ఊరికే వచ్చే కరెంటు తమ ఫోనులోకి పోతుంటే చూసుకోవడం వాళ్లకు ఆనందం. అక్క వాళ్లందరికీ చాయ్ పెట్టేది. బావ మధ్యలో కుర్చీ వేసుకుని ఎదురుపోటు గురించి చెప్పేవాడు. హాలంతా యాసిడ్ వాసన, చెమట వాసన, వాళ్లు వదిలిన చెప్పుల వాసన. అక్క చీర కొంగులకు చిల్లులు పడ్డాయి. నేను ముక్కు మూసుకుని గోడ ఇవతల కూర్చునేదాన్ని. నాకు అర్థం కానిది ఒకటే. అది నిజంగా ఎలా ఎక్కుతోంది?

మార్చిలో ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. ఒక రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, అక్క గిన్నె తిరిగి ఇద్దామని వెనక గేటులోంచి వెళ్లాను. చక్రం తిరగడం లేదు. చక్రం గదిలో అక్క పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన అటక మీది ఛార్జర్ గోడ ప్లగ్గుకు తగిలించి ఉంది, గుర్రుమంటూ వెనక బ్యాటరీని నింపుతోంది.

"ఏందక్కా ఇది?"

"ఛార్జర్."

"ఛార్జరని నాకు కనిపిస్తలేదా?"

"మెల్లగ మాట్లాడవె. గోడకవతల వింటరు."

"గోడకవతల ఉండేది నేనే గద!"

అక్క నవ్వలేదు. గింజలు తీయడం ఆపలేదు. ఆ మొదటి రోజు రాత్రి ఆయన గోడ వైపు తిరిగాక తాను తెల్లార్లూ ఆ వీపునే చూసిందట. పొద్దున ఆయన్ను ఎలాగో పంపించి, స్టూలు వేసుకుని అటక ఎక్కిందట. అప్పటి నుంచి రోజూ ఇదే పని. ఆయన గల్లీ మలుపు తిరగగానే చక్రం ఆపేస్తుంది. వెనకదానికి ఎక్కువ, ముందుదానికి కాస్త తక్కువ ఎక్కిస్తుంది, రెండూ నిండుగా ఉంటే అనుమానం వస్తుందని. సైరన్ మోగగానే ఛార్జర్ అటక మీదికి, చక్రం మళ్లీ తిరగడానికి. గల్లీ వాళ్ల ఫోన్లు ఎక్కువగా వచ్చిన రోజుల్లో మర్నాడు ఎక్కువసేపు పెట్టాల్సి వస్తోందని, అదొక్కటే కష్టమని చెప్పింది.

నాకు తల దిమ్మెక్కింది. "సిగ్గులేదానె నీకు? మొగణ్ణి ఊరందరి ముందల పిచ్చోణ్ణి చేస్తున్నవ్."

"పిచ్చోడైతె అయిండు. లేచి కూసున్నడు గద. బూట్లు ఏసుకుంటున్నడు గద."

"ఇది మోసం కాదా?"

"మోసమే. నేనెప్పుడు కాదన్న?" అంది, చింతపండు ముద్ద చేసి గిన్నెలో వేస్తూ.

ఆ రోజు నేను గిన్నె అక్కడే పడేసి వచ్చేశాను. ఆయన మూర్ఖత్వం ఒక ఎత్తు. దానికి మేత వేసి పెంచుతున్న ఈమె ఇంకో ఎత్తు. కరెంటు బిల్లు తగ్గించడానికి పుట్టిన చక్రానికి కరెంటు పోసి నడపడం! ఆ నెల బిల్లు ఇంకా ఎక్కువ వచ్చింది. ఎండాకాలం కదా, ఫ్యాన్లు తిరుగుతున్నాయని అక్క చెప్పింది, బావ నమ్మాడు. నమ్మి, ఇంకా పౌరుషం తెచ్చుకున్నాడు.

"ఆ మీటర్ డబ్బనే పీకిపిస్త" అన్నాడు ఒక రోజు అన్నం తింటూ. నేనూ అక్కడే ఉన్నాను. "ఐతారం నాడు మా ల్యాంపు రూమోళ్లను పిలుస్త. పొద్దుగాల మెయిన్ బందు పెట్టి సీలు ఏస్త. సైరన్ దాక ఫ్యాను, బల్బులు దీని మీదనే నడువాలె. వాళ్ల కండ్ల ముందట ముల్లు పెట్టి చూపిస్త. సోమారం కరెంటు ఆఫీసుల కాయితం పెడ్త, వచ్చి మీటర్ తీస్కపొండ్రని."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన పెరుగు పోయమన్నాడు.

ఆయన చేయి కడుక్కోవడానికి పోగానే నేను అక్క జబ్బ పట్టుకున్నాను. ఇప్పటికైనా చెప్పెయ్, లేకపోతే మే నెలలో ఈ ఇంట్లో చీకట్లో ఉడికి చస్తావన్నాను. చెబితే మళ్లీ మంచమెక్కుతాడంది. చెప్పకపోతే ఇంటికి కరెంటే ఉండదు కదే అన్నాను. అక్క కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని, "ఏదన్న ఒకటైతది గని, నువ్వు మాత్రం నోరు ఇప్పకు" అంది. నా ఖర్మ కొద్దీ మాటిచ్చాను.

ఆదివారం పొద్దున్నే బావ మెయిన్ స్విచ్ దించి, సన్నటి తీగ మెలేసి, దానికి సీసం బిళ్ల ఒకటి నొక్కి సీలు వేశాడు. గని దీపాలకు వేసే సీలట, చేతి అలవాటు పోలేదు. బ్యాటరీలకు ఇన్వర్టర్ తగిలించి, ఫ్యానూ రెండు బల్బులూ వేసి, చక్రం తిప్పి, బాక్సు పట్టుకుని వెళ్లిపోయాడు. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఆయన పోవడం చూశాను. ఇక ఈ రోజుతో ఈ రోత తీరిపోతుంది, సైరన్ దాకా ఆ బ్యాటరీలు బతకవు, నిజం దానంతటదే బయటపడుతుంది, నేను మాట తప్పినట్టూ కాదు అనుకున్నాను.

కాసేపటికి గోడ మీద అక్క తల లేచింది.

"చెల్లె, ఒక వైరు ఇయ్యవె."

"ఇయ్య."

"ఫ్యాను గుంజుకుంటున్నదే. ఇప్పటికే దిగబట్టినయ్."

"దిగనీ. నాకు చెప్పకు. నాకు అసహ్యమైతున్నది, నిన్ను చూసినా, ఆయనను చూసినా, ఆ చెత్తను చూసినా."

"అసహ్యమైతె అయ్యింది. వైరు ఇయ్యి."

గోడ పట్టుకున్న ఆమె వేళ్లకు యాసిడ్ మచ్చలున్నాయి. చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. నేను అది అప్పటిదాకా చూడలేదు. మా ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎక్కడుందో వెతికి, తిట్టుకుంటూ, నా ప్లగ్గులో పెట్టి, గోడ మీదుగా అవతలికి విసిరాను. విసిరాక కూడా తిట్టాను. ఆ తర్వాత నా మీద నాకే చిరాకేసి లోపలికి పోయి పడుకున్నాను.

ఫ్యానూ బల్బులూ ఒక వైపు తాగుతుంటే చిన్న కరెంటు చాలలేదట. అక్క మీట పెద్ద వైపు నొక్కింది. సైరన్ మోగింది, తీసెయ్యమని గోడ మీద నుంచి నేనే అరిచాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తీయనివ్వలేదు. గల్లీ మొగలో మగవాళ్ల మాటలు వినిపించాక తీసింది. నేను వైరు లాక్కునేసరికి గేటు చప్పుడైంది.

బావ వెనక ల్యాంపు రూమ్ పాత కొలీగులు వచ్చారు. వాళ్లలో పెద్ద వాడొకాయన, అందరూ భాయ్ అంటారు, ఆయనే బావకు పని నేర్పినవాడు. తెల్లటి లాల్చీ వేసుకుని పండక్కి వచ్చినట్టు వచ్చాడు. నేనూ చేతులు తుడుచుకుంటూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది, బల్బులు వెలుగుతున్నాయి, సీలు సీలు లాగే ఉంది. బావ ముల్లు పెట్టాడు. వెనక బ్యాటరీ నిండుగా చూపించింది. అందరూ హో అన్నారు. ఒకాయన ఫోనులో వీడియో తీయబోయాడు.

అక్కడితో ఆగితే బావుండేది. కానీ ల్యాంపు రూమ్ మనిషి బ్యాటరీ చూపించడమంటే మూత తీసి నీళ్లు కూడా చూపించాలి. బావ వంగి, ఒక్కో మూతా తిప్పి తీశాడు.

లోపల నీళ్లు బుడబుడలాడుతున్నాయి. నేను నిలబడ్డ చోటికే ఆ చప్పుడు వినిపించింది. ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. వంగి చూస్తున్న తలలన్నీ అలాగే ఉండిపోయాయి. అవన్నీ జీవితమంతా ఆ బుడగల్నే చూసిన తలలు. వీడియో తీస్తున్నాయన ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. బావ బ్యాటరీ పక్క మీద అరచెయ్యి ఆనించాడు. అది కాలుతూ ఉండాలి. చెయ్యి తీయలేదు. అక్క వంటింటి తలుపు పట్టుకుని ఆ చేతినే చూస్తోంది.

ముందుగా చప్పట్లు కొట్టింది భాయ్.

"వారెవ్వ! కమాల్ చేసినవ్ తమ్మీ. నా సర్వీసుల ఇట్లాంటి పని చూడలే" అన్నాడు.

మిగతావాళ్లు కూడా కొట్టారు. చేతులు నొప్పెట్టేలా కొట్టారు. ఒక్కరి కళ్లు కూడా ఇంకొకరి వైపు పోలేదు. తెలిసి తెలిసి కొడుతున్నారు. గల్లీ వాళ్లు తెలియక కొట్టారు, అదే నయమనిపించింది.

"మరి రేపు మీటర్ తీపిస్తున్నవా?" అని ఎవరో అలవాటుగా అనేసి నాలుక కరుచుకున్నారు.

బావ మూతలు ఒక్కోటే గట్టిగా బిగిస్తున్నాడు. "ఎండకాలం పోనియ్యి. తొందరేమున్నది" అన్నాడు. లేచి వెళ్లి, సీలు తీగ తెంపి, మెయిన్ పైకెత్తాడు. ఫ్రిజ్ గుర్రుమంది. "చాయ్ పెట్టవె, భాయ్‌కు చక్కెర తక్కువ" అన్నాడు అక్కతో, మామూలుగానే.

ఆ సాయంత్రమంతా నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. తిట్లు వస్తాయనుకున్నాను, గిన్నెలు ఎగురుతాయనుకున్నాను. ఏమీ లేదు. కాసేపు నీళ్లు ఒంపిన చప్పుడు, తర్వాత టీవీలో వార్తలు. బావ మంచమెక్కి గోడ వైపు తిరిగి ఉంటాడని, ఇక అంతా అయిపోయిందని నాకనిపించింది. ఇన్నాళ్లూ ఈ చెత్త వదిలితే చాలని మొక్కుకున్నదాన్ని, అది వదిలిందనుకోగానే అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున బడికి బయల్దేరుతూ గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. పక్కింటి తలుపు తెరుచుకుంది. బావ టిఫిను బాక్సు పట్టుకుని మెట్లు దిగాడు. బూట్లు వేసుకున్నాడు. లోపల చక్రం టకటకలాడుతోంది. అక్క గుమ్మంలో తలవంచుకుని నిలబడి ఉంది. ఆయన గేటు తీసి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బ్యాటరీలల్ల నీళ్లు పోసిన. పెద్ద దాని మీద పెట్టకు, మరుగుతయ్. చిన్న దాని మీద పెట్టు, సైరన్ దాక మెల్లగ ఎక్కుతది. చేతులకు జర నూనె రాసుకో."

అక్క "సరే" అంది. ఆయన గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి పోయి చక్రం ఆపేసింది.